దుమ్మే అని చెప్పాను

ఆ మధ్యాహ్నం మాదాపూర్ క్లినిక్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎదురుగా ఐటీ భవనాల కోసం బండలు పేల్చే వేళ. సైరన్ మోగగానే వీధంతా ఖాళీ అయింది. పేలుడు అయ్యాక, ఆ నిశ్శబ్దంలో గదిలో ఎవరో దగ్గారు. ఎల్లమ్మ వచ్చిందనుకుని తలెత్తాను. ఎవరూ లేరు. దగ్గింది నేనే.

ఎల్లమ్మ పాలమూరు నుంచి వచ్చిన కూలీ. రాళ్లు మోసేది. రెండు నెలలుగా అదే దగ్గు. "గిది దుమ్ముకేనా డాక్టరమ్మా?" అని అడిగేది. "దుమ్మే, ఫికర్ చేయకు" అని సిరప్ ఇచ్చి పంపేదాన్ని. దుమ్ము రాకుండా కిటికీలన్నీ బిగించి, పదిమంది దగ్గే గదిని ఎంత శుభ్రంగా ఉంచానో అని మురిసిపోయేదాన్ని కూడా. నా దగ్గుకూ అదే సిరప్ తాగాను.

తర్వాత సాయంత్రాలు జ్వరం. ఒళ్లు తగ్గి చీరకు కుచ్చిళ్లు పెరుగుతూ వచ్చాయి. అయినా ఒప్పుకోలేదు. రుమాలులో రక్తం చూశాకే ఛాతీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను.

"ఊపిరితిత్తి పైభాగంలో కేవిటీ ఉందమ్మా. కఫం పాజిటివ్. టీబీ. మీ పేషెంటే అయితే పరీక్షకు ఎప్పుడు పంపేవారండి?" అన్నారాయన. నాకు ఎల్లమ్మ గుర్తొచ్చింది.

ఆ రోజే ఎల్లమ్మకు కబురు పంపాను. గుడిసెలు ఖాళీ. మేస్త్రీ అందరినీ ఇంకో సైట్‌కు తీసుకెళ్లాడట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

నాలుగు మందులు మొదలుపెట్టారు. వాటితో మూత్రం నారింజ రంగులో వస్తుందని ఎందరికో చెప్పినదాన్నే. అద్దంలో నా కన్నీళ్లూ ఆ రంగులోనే కనిపించినప్పుడు, ఏడుస్తున్నది ఇంకెవరో అనిపించింది. నెలకే కామెర్లు. "లివర్ తట్టుకోవట్లేదు, అన్నీ ఆపేద్దాం" అన్నారు. మళ్లీ ఒక్కొక్క మందే మొదలుపెట్టి, మొత్తం తొమ్మిది నెలలు పట్టింది. అన్ని రోజులూ ఎల్లమ్మ గురించే భయం.

క్లినిక్ తిరిగి తెరిచిన వారానికి ఆమె భర్త మల్లయ్య వచ్చాడు. ఎల్లమ్మ ఏదని అడిగాను.

"పోయింది డాక్టరమ్మా. దవాఖానకు పోదామంటే వినలే. దుమ్మే అని డాక్టరమ్మ చెప్పింది గద అని ఆఖరిదాక గదే మాట."

అతని గొంతులో కోపం లేదు. అదే నేను భరించలేకపోయాను. అతను దగ్గి, తువ్వాలతో నోరు తుడుచుకుని, ఎంతో నమ్మకంగా అడిగాడు: "మరి నాది గూడ దుమ్మేనా?"

అతని కఫం నేనే ల్యాబ్‌కు తీసుకెళ్లాను. అదీ టీబీయే. నెలల తరబడి నా కళ్లముందే మాత్రలు మింగాడు. బతికాడు.

నేనిప్పుడు బాగానే ఉన్నాను. క్లినిక్ కిటికీలు తెరిచే ఉంటాయి. తోటి డాక్టర్లకు ఒక్కటే చెబుతాను. రెండు వారాలు దాటిన దగ్గుకు, అది మీదైనా సరే, కఫం రిపోర్టు చేతికి రాకముందే పేరు పెట్టకండి. మీరు పెట్టిన పేరును వాళ్లు నమ్ముతారు.