సబ్బుపెట్టెంత సవతి

మా బావ ఎక్స్‌రే మెషీన్లు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. నెలలో సగం రోజులు ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. పగలు ఆసుపత్రిలో మెషీను కింద పడుకుంటాడు, పని అయ్యాక లాడ్జి మంచం మీద పడుకుంటాడు. రెండింట్లోకీ మెషీను కిందే నయమంటాడు, అక్కడ నల్లులుండవని. మనిషి పొడుగు, మాట పొట్టి. పది ప్రశ్నలడిగితే ఒకదానికి జవాబొస్తుంది, అదీ సగమే.

అలాంటి మనిషి తన సంచిలో ఉండే రౌటర్ గురించి మాత్రం అరగంటైనా మాట్లాడేవాడు. సబ్బుపెట్టెంత ఉంటుంది. లాడ్జి వైఫైని అది పట్టుకుని, తన పేరుతో ఇంకో వైఫైగా బావ ఫోనుకీ లాప్‌టాప్‌కీ ఇస్తుంది. లాడ్జివాళ్లు గదికి ఒక్క ఫోనుకే కనెక్షనిస్తామని పేచీ పెట్టినా, ఆ ఒక్కటీ ఈ డబ్బానే కాబట్టి వాళ్ల నోరు మూతపడుతుంది. గది నంబరూ పేరూ ఒకసారి కొడితే చాలు. లాడ్జిలో దిగగానే చెప్పులైనా విప్పకుండా ముందు ప్లగ్గు వెతికేవాడు.

అక్క దాన్ని సవతి అనేది. "నాకు కప్పని దుప్పటి దానికి కప్పుతారు" అని నాతో చాడీలు చెప్పేది. నిజమే, దాన్ని పాత ఉన్ని సాక్సులో పెట్టి తీసుకెళ్లేవాడు.

అసలు ఆ డబ్బా కొన్నదే అక్క కోసం. పెళ్లయిన ఆరేళ్లకు అక్కకు ఫిట్స్ మొదలయ్యాయి. మందులు మింగగా మింగగా నెలకొకటికి తగ్గాయి గాని వదల్లేదు. పిల్లల్లేరు. బళ్లో ఉద్యోగం మానేసి, ట్యూషన్ సెంటరు వాళ్ల పరీక్ష పేపర్లు ఇంట్లోనే దిద్దేది. బావ ఊళ్లో లేనప్పుడు పడిపోతే ఎలా అన్నది ఆ ఇంట్లో తీరని బెంగ. అందుకని డాక్టరు చెప్తే చేతికి ఒక పట్టీ కొన్నారు. మనిషి పడి చెయ్యి కొట్టుకుంటుంటే అది కనిపెట్టి, ఇంటి వైఫై మీదుగా బావ ఫోనుకీ నా ఫోనుకీ అలారం పంపుతుంది. కావాలంటే మనమే నొక్కడానికి పక్కన ఒక మీట ఉంటుంది. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణం వాళ్లింటికి ఏడు నిమిషాల నడక. తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండేది.

చిక్కల్లా ఎక్స్‌రే గదితోనే. దాని గోడల్లో సీసం రేకులుంటాయి. తలుపు వేస్తే ఫోను సిగ్నలు చచ్చిపోతుంది. పనిచేసేది బావ ఆ గదిలోనే. మెషీను కేబుళ్లు గోడలోంచి లోపలికొచ్చే కన్నం దగ్గర డబ్బాను టేపుతో అంటిస్తే, బయట ఆసుపత్రి వైఫై దానికి అందుతుంది, లోపల దాని వైఫై ఫోనుకి అందుతుంది. ఈ కిటుకు కనిపెట్టిన రోజు బావ ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరికీ ఒక అలవాటు పడింది. బావ ఏ ఊళ్లో ఏ కొత్త గదిలో డబ్బా పెట్టినా ముందు అక్కకు ఫోన్ చేస్తాడు. అక్క మీట నొక్కుతుంది. "వచ్చిందా?" అంటుంది. "వచ్చింది" అంటాడు. పెళ్లైన పద్ధెనిమిదేళ్లకు వాళ్ల సరసం అదే అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఇక నా సంగతి. దీన్ని దాటేసి కథ చెప్పుకుపోవచ్చు గాని, అప్పుడు ఇది బావ కథ కాదు, నేను అల్లుకున్న కట్టుకథ అవుతుంది. ఆ పట్టీకి మంచీ చెడూ తెలీదు. అక్క దుప్పటి దులిపినా అలారమే, పళ్లు గట్టిగా తోముకున్నా అలారమే. ఆ చప్పుడుకి దుకాణంలో కళ్లు చూపించుకునే ముసలాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఒకరోజు అక్క పరుపు దులిపింది. తొమ్మిదిసార్లు మోగింది. తొమ్మిదోసారికి నా చేతిలోని అద్దం సానచక్రం మీద పెట్లిపోయింది, యజమాని అందరి ముందూ చెడామడా తిట్టాడు. సాయంత్రం బావతో చెప్పేశాను.

"నా నంబరు తీసెయ్యి బావా. ఎలాగూ నీకొస్తుంది కదా. నిజమైతే నువ్వే చెయ్యి, పరిగెత్తుకొస్తాను."

బావ ఫోను తీసి నా నంబరు తొలగించాడు. ఎందుకని అడగలేదు. అక్కకు చెప్పినట్టు కూడా లేదు. నాకైతే తలనొప్పి వదిలింది.

మూడు నెలలు గడిచాయి. బావ ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాడు. ఒక్క రోజు పనే. పొద్దున పదకొండుకి రిసెప్షన్లో వైఫై కోడు రాసిన చీటీ తీసుకుని, డబ్బా అంటించి, అక్కతో మీట నొక్కించి, వచ్చిందని చెప్పి పనిలోకి దిగాడు. రావలసిన విడిభాగం సాయంత్రానికి గాని రాలేదు. పని రెండోరోజుకి పడింది. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ గదిలోకి వెళ్తూ అక్కకు ఫోన్ చేశాడు. ఆ మాటలు బావ నాకు తర్వాత చెప్పాడు, ఒకే ఒక్కసారి.

"ఇవాళ నొక్కొద్దా?" అని అడిగిందట అక్క.

"నిన్న నొక్కావు కదా. అదే చోటు" అన్నాడట.

కొత్త చోటైతేనే పరీక్ష, అదీ వాళ్ల లెక్క. అక్క తృప్తి కోసం నొక్కించినా ఆ తొమ్మిదింటికి వచ్చే ఉండేది. ఆసుపత్రి చీటీ మీద కోడు కింద సన్నక్షరాల్లో ఇరవై నాలుగు గంటలని ఉంది. పదకొండు కాగానే ఆసుపత్రి వైఫై మళ్లీ కోడు అడిగింది. అడిగింది డబ్బాని. డబ్బా ఏం చెబుతుంది? బావ ఫోనుకీ డబ్బాకీ మధ్య వైఫై గీతలు నిండుగానే ఉన్నాయి, డబ్బా మీద పచ్చలైటు పచ్చగానే ఉంది. డబ్బా అవతల మాత్రం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతి తీగా రెండు కొసల్లోనూ చూసే మనిషి, ఆ రోజు ఈ కొసే చూశాడు. మెషీను కింద పడుకుని మధ్యమధ్యలో తల తిప్పి ఆ గీతలు చూసుకుంటూ ధైర్యంగా పనిచేసుకున్నాడు.

పదకొండూ నలభైకి అక్క పడిపోయింది.

ఒకటింబావుకి బావ టీ కోసం తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఫోను మామూలు సిగ్నలు అందుకుని, ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క అలారాలు. నాకు చేశాడు. అక్క అన్న ఒక్క మాటే వినబడింది. ఏడు నిమిషాల నడక నేను ఎంతసేపట్లో పరిగెత్తానో తెలీదు. చెప్పు ఒకటి దారిలోనే పోయింది. అక్క బల్లకీ గోడకీ మధ్య బోర్లా పడి ఉంది. మొహం కింద ఎవరో పిల్లవాడి జవాబు పత్రం. ఎర్రపెన్ను మూత తీసే ఉంది. ఊపిరి ఆడుతోంది, అంతే.

బతికింది. బతికిందని అందరూ దండాలు పెట్టారు. నెల తర్వాత ఇంటికి తెచ్చాక గాని ఆ బతుకేమిటో అర్థం కాలేదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, తినిపిస్తే మింగుతుంది. మాట లేదు. ఎవరు పిలిచినా కిటికీ వైపే చూస్తుంది. మెదడుకు గాలి అందని సమయం ఎక్కువైందని డాక్టరు చెప్పాడు. పదిహేను నిమిషాల్లో ఎవరైనా పక్కకు తిప్పి ఉంటే వేరేగా ఉండేదట. ఏడు నిమిషాలు నా దగ్గర ఉన్నాయి.

ఇంటినిండా చుట్టాలు. మా పెద్దమ్మ బావను పట్టుకుని దులిపేసింది, డబ్బాను నమ్ముకుని పెళ్లాన్ని గాలికొదిలేశావని. మా నాన్న అతని మొహం చూడలేదు. చివరికి మా బాబాయి అడగనే అడిగాడు, ఇంత దగ్గరలో ఉన్న పిల్లకు అలారం వెళ్లేలా పెట్టొచ్చు కదా, ఆ మాత్రం తోచలేదా అని. నేను మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బావ తలెత్తి నా వైపు చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

"తోచలేదు బాబాయ్" అన్నాడు.

నేను గ్లాసులు అందరికీ ఇచ్చాను. ఆ రోజు నోరు విప్పని దాన్ని తర్వాత ఎప్పుడు విప్పినా ఎవరికి కావాలి? నా మీద నాకే అసహ్యం వేసింది. వారం తర్వాత బావ దగ్గరికెళ్లి నా ఫోను చేతిలో పెట్టాను. నా నంబరు మళ్లీ కలిపాడు.

బావ పనిలోకి వెళ్లక తప్పదు, మందులున్నాయి, పగలంతా ఉండే ఆయా ఉంది. ఊళ్లు తిరుగుతున్నాడు. అదే డబ్బా, అదే సాక్సు. పక్కన ఒక చిన్న గడియారం మాత్రం కొత్తగా చేరింది, గంటగంటకీ మోగేలా పెట్టుకున్నాడు. అది మోగితే పని ఆపి బయటికొచ్చి చూసుకుంటాడు.

పట్టీ ఇంకా అక్క చేతికే ఉంది. ఫిట్స్ ఆగలేదు కాబట్టి తీయడానికి లేదు. మీట నొక్కే వేలికి మాత్రం అలవాటు మిగిలిపోయింది. కిటికీ వైపు చూస్తూ మీట నొక్కుతుంది, రోజుకు ముప్పైసార్లో నలభైసార్లో. ఎవరికోసం నొక్కుతోందో, అసలు నొక్కుతున్నట్టు తెలుసో లేదో ఎవరూ చెప్పలేరు. నొక్కిన ప్రతిసారీ దుకాణంలో నా ఫోను మోగుతుంది. నేను సానచక్రం ఆపి ఆయాకు ఫోన్ చేస్తాను. ఏం లేదమ్మా, ఊరికే నొక్కింది అంటుంది. యజమాని మొదట్లో గొణిగాడు, ఇప్పుడు నన్ను వెనక గదిలోకి మార్చాడు.

ఆ వెంటనే బావ దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ఏ ఊరో, ఏ గదో నేనడగను.

"నీకు వచ్చిందా?" అంటాడు.

"వచ్చింది బావా" అంటాను.

ఆ గొంతులో దెప్పిపొడుపు ఉందేమోనని మొదటి రోజుల్లో చెవులు రిక్కించి విన్నాను. లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఈ పూట ఇప్పటికి పదకొండుసార్లయింది.