టీజీ నంబరు బండిలో భూపాలపల్లి దాకా

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. రైళ్లు లేవు, బస్సులు లేవు, నేను లెక్కలు చెప్పే బడికి తాళం. భూపాలపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే మా బావ కాలు విరిగి దవాఖానలో పడ్డాడు. మర్నాడు పొద్దున ఆపరేషన్. అక్క పక్కన లేనిదే కాగితం మీద సంతకం పెట్టనని మొండికేశాడు. అక్కేమో మానుకోటలో చిక్కుకుపోయింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. ఇక మిగిలింది నా పాత కారు.

జనగామలో ఉదయం ఆరుంబావుకు బయల్దేరాను. బ్రేకు సంగతి ముందే చెప్పాలి. వారం కిందట మా ఊరి షెడ్డులో బాగుచేయించి, ఆరు నెలల గ్యారంటీ కార్డు కూడా రాయించుకున్నాను. ముందురోజు సాయంత్రం పెడల్ మీద కాలు పెడితే, కింద ఎవరో పట్టి లాగుతున్నట్టు మెల్లగా అడుగుదాకా దిగిపోయింది. మళ్లీ నొక్కితే గట్టిగానే ఉంది. షెడ్డు మూసి ఉంది. ఫోన్ చేస్తే ఓనరు, "మానుకోటల మా తమ్ముని షాపున్నది సార్. కార్డు చూపెట్టుండ్రి, ఊరికెనే చేస్తడు" అన్నాడు. నేనూ నమ్మాను.

పాలకుర్తి, తొర్రూరు మీదుగా రోడ్డు బాగుంటుంది. బంద్ రోజుల్లో వెళ్లేవాళ్లు మాత్రం నీళ్లు, తిండి వెంట పెట్టుకోవాలి. నాకు టీ చుక్క కూడా దొరకలేదు. ఊరూరి మొదట్లో కాలిన టైర్ల నల్లటి గుండ్రాలు కనిపించాయి తప్ప మనిషి కనిపించలేదు. ఆ దారిలో పెడల్ మరో రెండుసార్లు దిగిపోయింది. అడ్డం వచ్చేవాళ్లు లేరు కాబట్టి గేర్లతో నెట్టుకొచ్చాను.

ఎనిమిదిన్నరకు మానుకోట. అక్కను ఎక్కించుకుని, "చిన్న పనుంది, అయిదు నిమిషాలు" అని షాపు ముందు ఆపాను. సగం దించిన షట్టర్ కింది నుంచి ఓనరు తమ్ముడు బయటికొచ్చాడు. పెడల్‌ను అయిదుసార్లు తొక్కాడు. అయిదుసార్లూ రాయిలా నిలబడింది. తర్వాత కార్డు, ఆర్సీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఉద్యమం మొదట్లో అందరిలాగే నేనూ నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపించి టీజీ రాయించాను. జనగామ ఓనరు ప్లేటు చూసి అదే కార్డులో ఎక్కించాడు.

"ఆర్సీల ఏపీ ఉన్నదన్నా. గీ కార్డుల టీజీ ఉన్నది. గీ నంబరు బండి లోకంలనే లేదు."

"గీడున్న నీ బండి మీద కూడా టీజీయే గదనే?"

"గది ఉద్యమం. గిది యాపారం."

ఒళ్లు మండిపోయింది. పైసలిస్తాను, చెయ్యమన్నాను. సామాను లేదు, తెప్పిద్దామంటే వరంగల్ బంద్ అన్నాడు. బావ సంతకం గుర్తొచ్చి బండెక్కాను. అక్కతో ఏమీ చెప్పలేదు.

గూడూరు దాటాక అడవి దగ్గరికి జరిగింది. లోకంలో లేని బండిలో పోతున్నామన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. పదిన్నరప్పుడు ఒక దిగుడు మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో నాలుగు పొయ్యిలు కనిపించాయి. అది వంటావార్పు. రోడ్డు మీదే వండి, అక్కడే తిని, దారి ఆపడం అప్పట్లో వాడుక. డేగిసాలు ఉడుకుతున్నాయి. రెండు వరసల్లో విస్తళ్లు పరిచి, నీళ్లు చల్లి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. పిట్ట కూడా అరవడం లేదు. నాకు నిజంగా భయం వేసింది.

బ్రేకు మీద కాలు పెట్టాను. పెడల్ దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు మార్చి, ఎలాగో మొదటి పొయ్యికి రెండు బారల దూరంలో ఆపగలిగాను. పొగ కాస్త పలచబడ్డాక, డేగిసా వెనకాల గరిటె పట్టుకుని కూర్చున్న ముసలమ్మ కనిపించింది. ఆమె కదలనే లేదు.

"అందరేరవ్వా?" అంది అక్క.

"పోలీసు వ్యాను వచ్చింది. ఉరికినోళ్లు ఉరికిండ్రు, దొరికినోళ్లను తోల్కపోయిండ్రు. అన్నం మాడుతదని నన్ను ఉంచిండ్రు."

"బండి మీదికొస్తుంటె లేవకపోతివేంది?"

"వంటకాడ ఆగని బండి ఉంటదా బిడ్డా?" అని, "తినిపోండ్రి. గింతన్నం ఎవలు తింటరు" అంది.

అంత పొడుగు వరసలో మేమిద్దరమే కూర్చుని పప్పు, అన్నం తిన్నాం. పక్కన ఖాళీ విస్తళ్లు గాలికి లేస్తుంటే, ఎవరో వచ్చి కూర్చుంటున్నట్టు ఒకటికి రెండుసార్లు తిరిగి చూశాను.

బండిని పొయ్యిల పక్కనుంచి మట్టిలోకి దింపి దాటించి, నర్సంపేట, ములుగు మీదుగా పాకుకుంటూ మూడింటికి భూపాలపల్లి చేరాం. బావ సంతకం పెట్టాడు. మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. అక్కడి మెకానిక్ బ్రేకు విప్పి చూపించాడు. "పైన కడిగి పెట్టిండ్రన్నా, లోపల పాత రబ్బర్లే ఉన్నయి." కొత్తవి వేశాడు.

మూడోనాడు ఉదయం తిరుగు ప్రయాణం. అక్క గేటుదాకా వచ్చి, "బ్రేకు సంగతి నాకెరుకే తమ్మీ. షాపుకాడనే ఇన్న. అడిగితె నువ్వు ఆగిపోతవని అడుగలే" అంది.

పదకొండింటికి ఆ మలుపు దగ్గరికి వచ్చాను. బూడిద కుప్పలు తప్ప ఏమీ లేవు. బ్రేకు ఇప్పుడు చెప్పినట్టు వింటోంది. దారిపొడుగునా ఆ అన్నదమ్ములిద్దరినీ తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి అక్కడ నోరు మూసుకున్నాను. నాకు తెలుసు, అక్కకు తెలుసు, తెలిసే బయల్దేరాం. ఆ అవ్వకు మాత్రం ఇద్దరిలో ఒక్కరం కూడా చెప్పలేదు. ఆమె వడ్డించింది తిని, చెయ్యూపి, అదే బ్రేకుతో ముందుకు పోయాం.