బుద్రి లేపిన మూడు గోళీలు

పాడేరులో దిగేసరికి ఉదయం ఆరూ నలభై. సన్నటి వాన. అప్పుడు నేను ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. కరోనా రోజుల్లో నలభై అయిదు రోజుల డ్యూటీ. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డవాళ్ళకు ఊపిరి వ్యాయామం నేర్పడం పని. చేతిలో ఆక్సీమీటరు, మూడు గోళీలున్న ప్లాస్టిక్ డబ్బాలు. డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే గోళీలు లేస్తాయి. ఆర్డర్లు రెండు. మాస్కు తీయకూడదు. మనిషికి అయిదు నిమిషాలు.

బుద్రి ముంచింగిపుట్టు అవతలి కొండమనిషి. యాభై ఏళ్ళుంటాయి. పంతొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. ఇంటికెళ్ళే జీపు దగ్గర డబ్బా చేతికిచ్చాను.

"మూడు గోళీలూ పైకి లెగాల. రోజుకి పదిసార్లు."

మాస్కుతో చేసి చూపించలేను. పీల్చమని నోటితో చెప్పొచ్చు, అదీ చెప్పలేదు. సిపాయి బుర్ర. టార్గెట్ చెప్పి ఊరుకున్నాను.

"కాపీ పళ్ళు కోసే కాలానికి కొండెక్కగల్నా బాబూ?"

"ఎక్కేత్తావమ్మా." ఎంత తేలిగ్గా అనేశానో!

ఆమె ఇంటికెళ్ళిన ఇరవై మూడో రోజు చూడ్డానికి వెళ్ళాను. జీపు దిగి రెండు గంటల నడక. ఊరి ఆశా కార్యకర్త దారి చూపించింది. పొయ్యి దగ్గర కూర్చున్న బుద్రి నన్ను చూసి నవ్వింది. డబ్బాను తలకిందులు చేసి, ఊదింది. మూడు గోళీలూ లేచాయి. ఏళ్ళ తరబడి పొయ్యి ఊదిన బుగ్గలవి.

"ఏటమ్మా, ఎన్నాళ్ళనించి ఇలాగ?"

"నువ్విచ్చిన కాడ్నించీ. ఎంత ఊదినా లెగనేదు. తిరగేత్తే లెగిసినాయి."

"ఒక్కపూటా మాననేదు సారూ" అంది ఆశా కార్యకర్త.

ఆక్సీమీటరు పెట్టాను. ఎనభై ఒకటి. తొంభై అయిదు ఉండాలి. నా మీద నాకే అసహ్యమేసింది. మాస్కు పీకేశాను. సంచిలోంచి కొత్త డబ్బా తీసి పీల్చి చూపించాను. బుద్రి తనది నిలబెట్టి పీల్చింది. ఒక్క గోళీ కూడా కదల్లేదు. మళ్ళీ పీల్చింది. దగ్గు ముంచుకొచ్చింది.

సిగ్నల్ కోసం ఊరి పక్క గట్టు మీదికెక్కి వైర్‌లెస్‌లో డాక్టరును పిలిచాను.

"వ్యాయామం చేసిందా? ఓవర్."

"చేసింది సార్. తప్పుగా. నేనే సరిగా చెప్పలేదు. ఓవర్."

కాసేపు గరగర. "డోలీ కట్టించి ఆస్పత్రికి దింపండి. సరిగా చేసినా ఏమయ్యేదో చెప్పలేం. ఓవర్."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడని తెలుసు.

బుద్రి రానంది. ఆ ఐసీయూ గదిలోకి మళ్ళీ వెళ్ళనంది. ఎంత బతిమాలినా వినలేదు.

డ్యూటీ ముగిసి లారీ ఎక్కుతుంటే ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "పోనాది సారూ." అప్పటికి కాఫీ పళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఆర్మీ వదిలి ఇంటికొచ్చేశాను. ఆ చివరి చూపు మాత్రం వదల్లేదు. ఆ రోజు నేను గడప దాటుతుంటే బుద్రి పిలిచి, డబ్బా మళ్ళీ తిరగేసి ఊదింది. మూడు గోళీలూ పైన నిలబెట్టి, బాగుందా అన్నట్టు నా వైపు చూసింది.

నేను తలూపాను.