నాకు వినిపించని జీర

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన నాలుగో ఏడు చలికాలంలో, పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వచ్చిన ఒక సంగీత బృందానికి నన్ను సౌండ్ ఇన్‌చార్జిగా వేశారు. మొదటి కచేరీ హైదరాబాద్‌లో, నేను పనిచేసే కళాకేంద్రం హాల్లోనే. రెండోది మూడు రోజుల తర్వాత మహబూబ్‌నగర్‌లో. నేనప్పుడు సీనియర్ సౌండ్ టెక్నీషియన్‌ని. నా పైన ప్రోగ్రాం ఆఫీసర్, నా కింద ఇద్దరు స్టేజి టెక్నీషియన్లు. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది.

ఆ డ్యూటీ నేను అడిగి వేయించుకున్నది. మాది మర్రిగూడ దగ్గరి పల్లె. నగరానికి వచ్చి ఈ ఉద్యోగంలో చేరేదాకా ఆఫ్రికా సంగీతమనేది ఒకటుందని కూడా నాకు తెలియదు. ఒకసారి విన్నాక మాత్రం వదల్లేకపోయాను. నగరంలో ఎక్కడ విదేశీ బృందం కచేరీ ఉన్నా, సెలవు పెట్టి, టికెట్ కొనుక్కుని, వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఏ వాద్యానికి మైకు ఎంత దూరంలో పెట్టారు, ఏ వైపు తిప్పారు అన్నది నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవాణ్ణి. నా భార్య అండాలు, "మాటలే తెల్వని పాట గంతగనం ఏం ఇంటవయ్యా?" అని అడిగేది.

ఈ బృందంలో ముఖ్యమైన వాద్యం బలాఫోన్. చెక్క పలకలు వరసగా పేర్చి, ఒక్కో పలక కింద ఒక్కో సొరబుర్ర కడతారు. బుర్రకు చిన్న రంధ్రం చేసి దాని మీద పల్చటి పొర అంటిస్తారు. పలకను కొట్టగానే ఆ పొర అదిరి, స్వరంతోపాటు సన్నటి జీర వస్తుంది. మన తంబూరాకు దారం పెట్టి తెప్పిస్తారే, అలాంటిది. కొత్తవాళ్లు దాన్ని స్పీకరు పాడైన చప్పుడనుకుని తగ్గించేస్తారు. జీర పోతే ఆ వాద్యం ఉత్త చెక్కే. ఈ సంగతి తోటి టెక్నీషియన్లకు చెప్పినవాణ్ణి నేనే.

ఆ జీర నాకు వినబడడం మానేసి అప్పటికి ఏడాదైంది.

మొదట కనిపెట్టింది అండాలు. "కుక్కర్ మూడు కూతలు పెట్టింది. పక్కనే కూసున్నవ్, ఇనొస్తలేదా?" అంది. కేంద్రంలో ఎవరికీ తెలియకూడదని నల్లగొండకు పోయి ఒక దవాఖానలో చెవులు చూపించుకున్నాను. పరీక్ష కాగితం మీద గీత సగందాకా బాగానే నడిచి, పైస్థాయి శబ్దాల దగ్గర నిట్టనిలువునా కిందికి పడిపోయింది. మాటలు, డోలు, మంద్రస్వరాలు అన్నీ వినబడతాయి, సన్నటి చప్పుళ్లే పోయాయని డాక్టరు చెప్పింది. పోయినవి ఇక రావంది. కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను. మా దగ్గర ఏటా కళ్లు చూసేవారు, బీపీ చూసేవారు. చెవులు చూడాలనే నిబంధన లేదు.

ఆ ఏడాదంతా మీటర్ల మీది ముల్లు చూసుకుంటూ, పాత నోటుబుక్కులు చూసుకుంటూ నెట్టుకొచ్చాను. రజియా ఉండబట్టి కూడా నెగ్గుకొచ్చాను. రజియాది మక్తల్. ఆమె తండ్రికి అక్కడ టైలర్ షాపు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, మా దగ్గర కాంట్రాక్టు మీద స్టేజి టెక్నీషియన్‌గా చేరి ఆరేళ్లయింది. స్టేజి మీది మైకులన్నీ ఆమె బాధ్యత. శబ్దం తేడాగా ఉంటే స్టేజి పక్కనుంచి చేయి పైకో కిందికో చూపించేది. నేను ఒక్కో మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటలున్న బోర్డు మీద సరిచేసేవాణ్ణి. నాకెందుకు చెప్పాల్సి వస్తోందని ఆమె ఎన్నడూ అడగలేదు.

హైదరాబాద్ కచేరీ నాడు మధ్యాహ్నం సౌండ్ చెక్ పెట్టుకున్నాం. ఒక్కో వాద్యాన్నీ విడిగా వాయించి, శబ్దం హాల్లోకి ఎలా వస్తోందో చూసుకునే పని అది. బలాఫోన్ వాయించే యువకుడు రెండుసార్లు ఆగి, తన వాద్యంలో జీర రావడం లేదని మేనేజరు ద్వారా చెప్పించాడు. వస్తోందన్నాను. మూడోసారి చెప్పాక పైస్థాయి శబ్దాలను పెంచాను. ఎంత పెంచినా నాకు తేడా తెలియలేదు. అతను తల ఊపాడు కాబట్టి అక్కడ ఆపాను. ఆ స్థాయిలో పెంచితే స్పీకర్లు కూత పెట్టే ప్రమాదముందని ఇరవై ఏళ్ల అనుభవం చెబుతూనే ఉంది.

బృందానికి పెద్ద సీరా అనే గాయని. అరవై దాటిన మనిషి. అంతకుముందు ఏడు ఆమె తమ్ముడు చనిపోయాడు. ఆ బలాఫోన్ అతనిదే, వాయించే యువకుడు అతని కొడుకు. తమ్ముడి కోసం కట్టిన పాట ఆ పర్యటనలోనే మొదటిసారి పాడుతున్నట్టు మేనేజరు సభకు వివరించాడు. ఆమె కూర్చుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. రెండో చరణం దగ్గర ముందు వరసలవాళ్లు చెవులు మూసుకోవడం చూశాను. రజియా స్టేజి పక్కనుంచి అరచేతిని కిందికి, కిందికి అని ఊపుతోంది. గొంతు తగ్గించమంటోందనుకుని సీరా మైకు తగ్గించాను. కూత ఆగలేదు. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోనే పడి, తిరిగి స్పీకర్లోకి పోయి పెరిగిపోయే కూత అది. హాలంతటికీ సూదిలా గుచ్చుకుంటోంది. నాకు మాత్రం పాట చక్కగానే వినిపిస్తోంది.

సీరా పాట ఆపేసింది. బోర్డు వైపు చూసి చెవి మీద వేలు పెట్టుకుంది. రజియా పరుగున వచ్చి, నన్ను దాటి చేయి చాచి, బోర్డు మీది బలాఫోన్ మీట కిందికి లాగింది. అప్పుడు ఆగింది. మిగతా పాటలు సీరా పాడింది. తమ్ముడి పాట మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు.

కచేరీ అయ్యాక లాగ్ బుక్కులో లోపానికి కారణం రాయాలి. నేను ఇలా రాశాను: "స్టేజి మీద మైకు స్థానం మారినందువల్ల." ఆ వాక్యం రాయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. మర్నాడు ప్రోగ్రాం ఆఫీసర్ రజియాకు మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలి. ఆ నెలాఖరుకే ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఫైలు కదలాల్సి ఉంది.

మహబూబ్‌నగర్‌కు సామాన్ల వ్యాన్‌లో రజియా, నేను వెళ్లాం. షాద్‌నగర్ దాటాం. ఆమె రోడ్డు వైపే చూస్తూ, "సార్, మైకు నేను జరుపలే. గది మీకెరుకే" అంది.

"ఎరుకే" అన్నాను.

"మరి గట్లెందుకు రాసిన్రు?"

ఆమే మళ్లీ అంది: "మీకు ఇనొస్తలేదని నాకు ఎప్పట్నుంచో ఎరుకే సార్. పెద్దమనిషి, ఇజ్జత్ పోతదని ఎవ్వలకు చెప్పలే. చేతితోని చూపిస్తే నడుస్తదిలే అనుకున్న. నేను గిట్ల చేసుడే తప్పైంది. మొదాలే చెప్తే ఆ అమ్మ పాట ఆగకపోతుండె."

కోపంగా అన్నా భరించేవాణ్ణేమో. ఆమె తన తప్పు కూడా లెక్కలోకి తీసుకుని మాట్లాడింది. మెమో సంగతి మళ్లీ ఎత్తనే లేదు.

మహబూబ్‌నగర్‌లో హాలు చేరి సామాను దించగానే ఒక తెల్లకాగితం తీసుకున్నాను. నల్లగొండలో పరీక్ష చేయించుకున్న సంగతి, ఏడాదిగా దాచిన సంగతి, లాగ్ బుక్కులో రాసింది అబద్ధమన్న సంగతి రాసి సంతకం చేశాను. ప్రోగ్రాం ఆఫీసర్ అప్పటికే వచ్చి ఉన్నారు. నిలబడే చదివారు.

"యాదయ్యా, గిన్నొద్దులు నా ముందట కూసొని పని చేసినవ్. ఒక్కమాట చెప్పకపోతివి గదా" అన్నారు. తర్వాత గొంతు పెంచి, "ఆ పిల్ల నౌకరీ పోయేటిది, తెల్సా?" అన్నారు.

తెలుసన్నాను. బోర్డు మీద రజియాను కూర్చోబెట్టమని అడిగాను. వేరే దారి లేక ఒప్పుకున్నారు.

సీరాకు నేనే వెళ్లి చెప్పాను. మేనేజరు ఆమె భాషలోకి మార్చాడు. క్షమించమన్నాను. ఈ రోజు బోర్డు మీద ఎవరని ఆమె అడిగింది. రజియాను చూపించాను. ఆమె లేచి రజియాను బలాఫోన్ దగ్గరికి తీసుకుపోయి, మేనల్లుడిచేత ఒక్కో పలకా కొట్టించింది. ప్రతి దానికీ రజియా తల ఊపాలి. ఒక పలక దగ్గర రజియా ఊపలేదు. చూస్తే ఆ బుర్ర మీది పొర చిరిగి ఉంది. యువకుడు కొత్త పొర అంటించాడు. హైదరాబాద్‌లో అతను జీర రావడం లేదన్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. చెవి ఉన్నవాడైతే ఆ మధ్యాహ్నమే పట్టుకునేవాడు, బోర్డు మీద ఏదీ పెంచాల్సిన పని ఉండేది కాదు.

సాయంత్రం హాలు ముప్పాతిక నిండింది. కాలేజీ పిల్లలు, టీచర్లు, పక్క ఊళ్ల నుంచి పనిమీద వచ్చి బయట పోస్టరు చూసి ఆగినవాళ్లు. నాకు ఆ రోజు పనేమీ లేదు. పదో వరసలో కూర్చున్నాను. సీరా తమ్ముడి పాట ఎత్తుకుంది. పక్కన గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన కాసేపు విని, నా వైపు వంగాడు.

"ఎవలో పోయిన్రు గదా ఆమెకు?"

"తమ్ముడు" అన్నాను.

"గట్లనా" అని మళ్లీ స్టేజి వైపు తిరిగాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. ఆ పాటలో బుర్రల గంభీరమైన మోత నాకు వినబడింది. జీర వినబడలేదు. అది ఉందని, బోర్డు దగ్గర రజియా చేతులు నిలకడగా ఉండడం చూసి తెలుసుకున్నాను.

రజియా మెమో వెనక్కి తీసుకున్నారు. కాంట్రాక్టు పొడిగించారు. మరుసటేడు ఆమె సౌండ్ ఇన్‌చార్జి అయింది. నాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది, అది నా సర్వీసు రిజిస్టరులో ఉంది. మిగిలిన నాలుగేళ్లు స్టోరులో కేబుళ్లు, స్పీకర్లు చూసుకున్నాను. మా కేంద్రంలో సౌండ్ విభాగానికి ఏటా చెవుల పరీక్ష పెట్టాలని అర్జీ పెడితే రెండేళ్లకు అమలైంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. వయసుతో చెవి తగ్గుతుంది, శబ్దం మధ్య బతికేవాడికి ఇంకా ముందే తగ్గుతుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. తగ్గినట్టు తెలిసిన రోజే పై అధికారికి కాగితం ఇవ్వాలి. నేను ఏడాది ఆలస్యం చేశాను. ఆ ఏడాదికి మూల్యం నేను చెల్లించలేదు. ఒక గాయని పాట మధ్యలో ఆగిపోయింది, ఒక సహోద్యోగి చేయని తప్పుకు సంజాయిషీ రాసుకుంటూ రెండు రోజులు గడిపింది.