ఆరో నంబరు జెర్సీ

రిటైరైన మగవాడు పగలంతా టీవీకి అతుక్కుపోతే ఇంట్లో ఆడవాళ్లకు ఎంత చిరాకో, మా ఆవిడకు అంతకు రెట్టింపు. ఎందుకంటే నేను చూసేవి సీరియళ్లూ కావు, వార్తలూ కావు. బెంగాల్లో బంకురా వైపో పురూలియా వైపో ఏదో ఊరి స్కూలు మైదానంలో, ఎవరికీ తెలియని రెండు జట్లు ఆడుకున్న ఫుట్‌బాల్ ఆటలు. అదీ ఒక్కో ఆట మూడేసి సార్లు.

ఈ పని నాకు అంటగట్టింది మా చెల్లెలి కూతురు. ఖరగ్‌పూర్‌లో మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు కోల్‌కతాలో, కింది డివిజన్‌లో ఆడే ఒక చిన్న క్లబ్బులో ఉద్యోగం చేస్తోంది. పేరున్న ఆటగాళ్లను తెచ్చుకునే స్తోమత ఆ క్లబ్బుకు లేదు. జిల్లా ఆటల్లో ఎవరి కంటా పడకుండా ఉండిపోయినవాళ్లను వీడియోల్లో వెతికి పట్టుకోవాలి. ఆ వెతికే మనిషి ఈ పిల్ల ఒక్కతే. వీడియోలు వందల్లో ఉంటాయి, కళ్లు రెండే కదా.

"మావయ్యా, నువ్వు ముప్పయ్యేళ్లు సక్రాలు సూసినావు. ఇప్పుడు కాళ్లు సూడు," అంది ఫోనులో.

చక్రాలు చూడటం నిజమే. ఖరగ్‌పూర్ యార్డులో బండ్లను పరీక్ష చేసే ఉద్యోగం నాది. గూడ్సు బండి నెమ్మదిగా లోపలికి వస్తుంటే పట్టాల పక్కన నిలబడి, బండిని కాకుండా దాని చక్రాలను చూడాలి. ఏ చక్రం మొహం అరిగి టక్కుటక్కుమంటోంది, ఏ బేరింగు వేడెక్కి వాసన వేస్తోంది అన్నది బండి ఆగేలోపే తెలిసిపోవాలి. అనుమానం వచ్చిన వ్యాగను నంబరు పుస్తకంలో రాసుకుంటే, మిగతా పని తరువాతివాళ్లది. ఇంజను ఎంత అందంగా ఉందో చూస్తూ నిలబడినవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. ఫుట్‌బాల్‌లో బంతి కూడా ఇంజను లాంటిదే. అందరూ దాన్నే చూస్తారు. బంతి లేనప్పుడు మనిషి ఎటు జరుగుతున్నాడు, ఎప్పుడు తల తిప్పి వెనక్కి చూసుకుంటున్నాడు, అలిసిపోయాక కాలు ఎలా పడుతోంది అన్నవి నేను చూసేవాణ్ణి. వయసులో వర్క్‌షాప్ జట్టుకు నేనూ ఆడాను. ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. అందుకే ఆట బాగా చూడటం వచ్చిందని మా ఆవిడ అంటుంది.

ఆ ఏడాది క్లబ్బులో ఒక్క ఖాళీ ఉంది. రక్షణవాళ్లకు కాస్త ముందు నిలబడి, ఎదుటివాళ్ల దాడిని అక్కడే తుంచేసేవాడు కావాలి. పేర్లు నమోదు చేసుకోవడానికి రెండు వారాలే గడువు. వయసు పాతిక దాటినవాడైనా ఫరవాలేదన్నారు. ఆ వయసు దాటినవాణ్ణి ఇంకెవరూ పిలవరని నాకు తెలుసు. కాబట్టి ఎవడి పేరు పంపినా వాడికి అదే మొదటిది, అదే ఆఖరిది. మా మేనకోడలికీ అది మొదటి సిఫార్సు. కోచ్‌కి ఆమె లాప్‌టాప్ మీద పెద్ద నమ్మకం లేదు.

అప్పుడు దొరికింది ఆ వీడియో. సువర్ణరేఖ నది అవతల ఏదో ఊరి ఆట. పెళ్లి వీడియోలు తీసేవాడెవడో స్కూలు మేడ మీద కెమెరా పెట్టి తీశాడు. అంత దూరానికి మొహాలు సరిగా ఆనవు, నంబర్లే తెలుస్తాయి. మైకులో వ్యాఖ్యాత ఆట గురించి ఒక ముక్క చెబితే, ఊరి స్వీట్ షాపు గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. అలాంటివాణ్ణి నా ముందు నిలబెడితే నోట్లో రసగుల్లా కుక్కేద్దును. ఆకుపచ్చ జట్టులో ఆరో నంబరు ఆ ఖాళీకి సరిపోయే చోటే ఆడుతున్నాడు. మొదటి సగంలో పరవాలేదనిపించాడు. వచ్చిన బంతిని పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. తప్పులు లేవు, మెరుపులూ లేవు. హాఫ్‌టైమ్ రాగానే ఎప్పటిలా వీడియోను ముందుకు జరిపేశాను. ఆట ఆగాక చూడటానికేముంటుందని నా లెక్క.

రెండో సగంలో ఆరో నంబరు నన్ను కుర్చీలో ముందుకు లాగాడు. ఎదుటివాడు బంతి ఎక్కడికి పంపుతాడో వాడికంటే ముందే తెలిసినట్టు అక్కడ నిలబడుతున్నాడు. తిరుగుతున్నప్పుడు ఎడమ కాలు ఎంత తేలిగ్గా పడుతోందో చెప్పలేను. నా నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను: "హాఫ్‌టైమ్‌లో అలుపు తీరినట్టుంది. నడక మారింది." ఆ రాత ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఆవిడ అప్పుడు పక్క మంచం మీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ఆమె తల ఎత్తి ఒకసారి తెర చూసింది.

"ఏటండీ, ఈడు ఇందాకటోడు కాడు. ఆడు జెర్సీ నిక్కర్లోకి దోపుకున్నాడు, ఈడు బయటికి ఒగ్గీసినాడు."

ఉక్కకి బయటికి తీసుకుని ఉంటాడు, నువ్వు కుట్టు చూసుకో అన్నాను. నంబరు ఆరే కదా. వ్యాగను మీద వేసిన నంబరు ఇంకో వ్యాగను మీదికి పోదు. ముప్పై ఏళ్లు అదే నమ్మకం మీద బతికాను.

ఆరో నంబరు ఎవరో కనుక్కుని పిలిపించమని మేనకోడలికి రాశాను. ఆమె ఆ జట్టు మేనేజరుకు ఫోన్ చేసి, ఆ రోజు పేర్ల జాబితాలో ఆరు ఎదురుగా ఎవరుంటే అతన్ని రెండు రోజుల ట్రయల్‌కి రప్పించింది. మొదటి రోజు సాయంత్రం ఆమె గొంతు నీరసంగా ఉంది. మనిషి మంచివాడే, ఆట మామూలుగానే ఉంది, కోచ్ మొహం చిట్లించుకుంటున్నాడు అని చెప్పింది. కొత్త చోటు కదా, బెదిరి ఉంటాడన్నాను. మర్నాడు పొద్దున్నే లోకల్ ఎక్కి నేనే వెళ్లాను. నాకు మనిషిని తేల్చుకోవాలన్న పంతం కన్నా, ఆ పిల్ల పరువు పోకూడదన్న భయం ఎక్కువ.

మైదానం పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. హార్డ్‌వేర్ కొట్టులో సామాన్లు దించే పనట. భార్య కొత్త బూట్లను పాత బియ్యం సంచిలో పెట్టి ఇచ్చిందట, ఆ సంచి పక్కనే ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, బెంగాలీలో బాబాయిని పిలిచినట్టు కాకూ అని పిలిచాడు. అతనికి ధైర్యం వస్తుందని మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. నేను రెండో సగం పెట్టాను. ఇదిగో ఇక్కడ ముందే ఎలా ఊహించావో చూడు, ఇదిగో ఈ మలుపు చూడు అంటూ నాకొచ్చిన బెంగాలీలో చాలా గొప్పగా చెప్పుకుపోయాను.

అతను మోకాళ్ల మీద మోచేతులు ఆనించి చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు.

"కాకూ, ఇది నేను కాదు."

హాఫ్‌టైమ్‌కి సరిగ్గా ముందు అతని చీలమండ బెణికింది. బదులుగా బెంచీ మీద ఉన్నవాడు దిగాడు. వాళ్ల జట్టుకి ఉన్నవి పదకొండే జెర్సీలు. బయటికి వచ్చినవాడు విప్పి ఇస్తే లోపలికి వెళ్లేవాడు తొడుక్కోవాలి. పేర్ల జాబితాలో మాత్రం ఆరుకి ఎదురుగా ఉండేది మొదటివాడి పేరే.

ఈ సంగతి నాకు తెలియంది కాదు. వర్క్‌షాప్ జట్టులో బెంచీ మీద కూర్చున్న రోజుల్లో నేనూ అలాగే దిగేవాణ్ణి. ఇంకొకడి చెమటతో తడిసిన జెర్సీ వీపుకి చల్లగా అంటుకుంటే ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు. అంతా తెలిసి, నంబరు చూసి మోసపోయాను. మా ఆవిడ దోపుకున్న జెర్సీ చూసి పట్టేసినదాన్ని, నేను నడక చూసి కూడా పట్టుకోలేదు.

మేనకోడలు నా వైపు చూడలేదు. అతనే తన ఫోను తీసి, ఆ రెండోవాడి నంబరు కలిపి, ఆమె చేతికి ఇచ్చాడు. అవతలివాడు టోటో అనే బ్యాటరీ రిక్షా నడుపుతున్నాడట, ఎవరో వేళాకోళం చేస్తున్నారని రెండుసార్లు పెట్టేశాడు. మూడోసారి ఇతనే మాట్లాడి నమ్మించాడు. కోచ్ ఏమీ కోప్పడలేదు. వచ్చిన మనిషిని పంపేయకూడదని ఆ పూటంతా ఆడించి చూశాడు. తరువాత భుజం మీద చెయ్యి వేసి, చెప్పాల్సింది చెప్పాడు.

తిరుగు బండిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. అతను ఖరగ్‌పూర్‌లో దిగి ఇంకో బండి పట్టుకోవాలి. కారం మరమరాల ఝాల్‌ముడీ పొట్లాలు రెండు తీసుకుని ఒకటి అతనికిచ్చాను. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. నాలో సగం వయసువాణ్ణి అలా అడగడం నాకు అలవాటు లేదు. అతను ముడీ నములుతూ, ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తున్నానన్నాడు. మా జట్టులోవాణ్ణి తీసుకుంటున్నారని చెబుతాలే అని మళ్లీ తనే అన్నాడు. ఉలుబేరియా స్టేషను దాటాక, ఉండబట్టలేక అడిగాను. ఊరుకుంటే పోయేది కదా, ఆ ఆట నీదేనని వాళ్లు అనుకునేవాళ్లు, ఇంకో నాలుగు రోజులు చూసి ఉంచుకునేవాళ్లేమో కూడా, ఎందుకు చెప్పావు అని.

"చెప్పకపోతే వాడికి ఫోను రాదు కదా, కాకూ."

అంతే. తరువాత కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఖరగ్‌పూర్‌లో నేనే లేపాను.

రెండోవాడు ఆ వారంలోనే ట్రయల్‌కి వచ్చాడు. కోచ్ పావుగంట చూసి సంతకానికి కాగితాలు తెమ్మన్నాడట. ఆ కబురు చెప్పినప్పుడు మేనకోడలి గొంతు మళ్లీ తేటగా ఉంది. "ఇంక నుండి అత్తని కూడా కూకోబెట్టుకుని సూడు మావయ్యా," అంది. మా ఆవిడ ఆ మాట విని ఫాల్ కుట్టడం ఆపకుండానే నవ్వింది. నాకు సంతోషమే, కాదనను. కానీ మనసులో ఒక మూల ఆ బియ్యం సంచి కదలకుండా ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆ వీడియో మళ్లీ పెట్టాను. ఈసారి మొదటి సగం, అతని ఒక్కడి కోసమే. కోచ్‌కి పంపడానికి ఏదైనా దొరుకుతుందేమోనని రెండుసార్లు చూశాను. దొరకలేదు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. హాఫ్‌టైమ్ వచ్చింది. అలవాటుగా ముందుకు జరపబోయి, ఆగాను.

వీడియో తీసేవాడు టీకి వెళ్లిపోయినట్టున్నాడు, కెమెరా మాత్రం గీత పక్కనున్న చింతచెట్టు వైపు తిరిగి అలాగే నడుస్తోంది. అక్కడ ఆటగాళ్లంతా నీడలో కూలబడి నీళ్లు తాగుతున్నారు. ఒక్కడు మాత్రం ఎండలో, బెణికిన కాలు మీద బరువు పడకుండా నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. విప్పిన ఆరో నంబరు జెర్సీని గట్టిగా పిండి, దులిపి, తిరగేసి, రెండు చేతులతో ఎత్తి గాలికి పట్టుకున్నాడు. బూట్లు బిగించుకుంటున్న ఆ రెండోవాడు రెండుసార్లు చెయ్యి చాచినా ఇవ్వలేదు. రిఫరీ ఈల వేసేదాకా, తను మళ్లీ తొడుక్కోని ఆ జెర్సీని ఆరబెడుతూనే నిలబడ్డాడు.