గాలిమోటారు నరసప్ప

కేశవమూర్తి షావుకారు విమానం ఎక్కడానికి వీల్లేదని ఆయన భార్య రమామణి అన్నం మానేసి కూర్చోబట్టి, ఆ సీటు అరసికెరె నరసప్పకు దక్కింది.

పావగడ బజారులో కేశవమూర్తిది శనక్కాయల మండీ. నరసప్ప అందులో సరుకు చూసే మనిషి. గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, చెవి దగ్గర ఒకసారి గలగలలాడించి, నూటికి ఎన్ని తాలుకాయలున్నాయో చెప్పేవాడు. ఒలిచి లెక్కపెడితే ఒకటీ అరా తేడా వచ్చేది. నలభై ఏళ్ళకు దగ్గర పడ్డాడు. పెళ్ళయిన ఏడాదికే భార్య కలరాలో పోయింది, మళ్ళీ చేసుకోలేదు. మండీ వెనక గదిలో ఉండేవాడు. తనవాళ్ళంటే అరసికెరెలో అక్క లక్ష్మక్క ఒక్కతే. తల్లి పోయాక అతన్ని చంకన వేసుకుని పెంచింది ఆమె. మొగుడు పోయాక నాలుగెకరాల ఎర్రనేల ఒంటిచేత్తో సాగు చేస్తోంది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు బెంగళూరు నుంచి మద్రాసుకు విమానాలు నడుస్తున్నాయని షావుకారు విన్నాడు. మద్రాసు దళారులు తంతి పంపితే పావగడ, హిందూపురం వ్యాపారులందరికీ ఒకే రోజు చేరేది. అందరికీ తెలిసిన ధరతో లాభమేముంది? కాయలు ఎగుమతి చేసే ఓడలవాళ్ళ గదిలో కూర్చుని, వాళ్ళ నోట్లో మాట దళారి చెవిన పడకముందే వినే మనిషి కావాలి. రైల్లో పోయి రావడానికి వారం పట్టేది. విమానమైతే మూడో రోజుకు మనిషి మళ్ళీ మండీలో ఉంటాడు.

"అది పడితే?" అంది రమామణి.

"పడితే నరసప్ప పడతాడులే," అన్నాడు షావుకారు. నరసప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. తనూ నవ్వాడు.

మొదటిసారి అంతా తప్పే జరిగింది. పొద్దున్నే రాగిముద్ద తిని ఎక్కాడు. పైకి లేచిన పావుగంటకు వాంతికిచ్చిన కాగితం సంచి నిండింది. చెవులు దిబ్బడేసి మధ్యాహ్నం దాకా ఎవరి మాటా వినబడలేదు. జేబులో సిరాపెన్ను కారి చొక్కా నీలంగా మారింది. ఊళ్ళోకి బండి దొరికేసరికి ఓడల కచేరీ మూసేశారు. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. షావుకారు ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే నరసప్పను కుళ్ళబొడిచింది.

రెండో ప్రయాణం నుంచి అతను ఆ పనిని కాయలు చూసినట్టే చూడడం మొదలుపెట్టాడు. ముందురోజు సాయంత్రం నుంచే కడుపు తేలిగ్గా ఉంచుకునేవాడు, పొద్దున గుప్పెడు బొరుగులే. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ బెల్లం ముక్క చప్పరిస్తే చెవులు తెరుచుకునేవి. సిరాపెన్ను మానేసి పెన్సిలు పట్టాడు. సంచి బరువు మించితే రుసుము కట్టాలి గనక, ఊరూరి సరుకు మచ్చు చిన్న గుడ్డమూటలుగా కట్టి, కోటుకు లోపల జేబులు కుట్టించి వాటిలో దోపేవాడు. బలసముద్రం మూటకు ఎర్రదారం, తిరుమణి మూటకు పచ్చదారం, అరసికెరె మూటకు తెల్లదారం. ఇంజను హోరులో ఆలోచన సాగదు కాబట్టి ఎవరిని ఏమడగాలో బెంగళూరులోనే చిన్న చీటీ మీద రాసుకునేవాడు. తలుపు దగ్గరి కుర్చీ అడిగి, అందరికంటే ముందు దిగేవాడు. తెలిసిన దళారిని విమానం దిగే మీనంబాకానికే రమ్మని కబురంపేవాడు. కారులో ఊళ్ళోకి పోయే ముప్పావుగంటలోనే సగం బేరం తేలిపోయేది.

ఇంకొకటి కూడా కనిపెట్టాడు. ధర పెరగబోతోందని తెలిసిన మరుక్షణం మద్రాసు నుంచే షావుకారుకు తంతి కొట్టడం. అయితే పావగడ తపాలా కచేరీలో తంతి నలుగురి నోళ్ళలో పడుతుంది. అందుకని ఒక గుర్తుమాట పెట్టుకుందామన్నాడు. 'పెండ్లి కుదిరింది' అంటే ధర లేస్తోంది, దొరికిందంతా కొనండి. 'పెండ్లి తప్పింది' అంటే చేయి ముడుచుకోండి. షావుకారు అతని భుజం తట్టాడు.

"నీది మండీలో ఉండాల్సిన బుర్ర కాదప్పా!"

ఆ ఏడాది దసరాకు నరసప్పకు జరీ అంచు పంచె పెట్టాడు. బజారులో జనం అతన్ని గాలిమోటారు నరసప్ప అని పిలవసాగారు. ఆ పేరు వినబడితే అతని నడక మారిపోయేది. ఇక్కడ దాచడానికేమీ లేదు, అతనికి గర్వం పట్టింది.

నలభై ఏడు జనవరిలో ఐదోసారి వెళ్ళాడు. అరసికెరెలో చెట్లు పీకడం అయిపోయి కాయలు ఎండుతున్నాయి. లక్ష్మక్క ఆ ఏడు ఇరవై రెండు బస్తాలు తీసింది. బావి తవ్వకం బండ తగిలి ఆగిపోయింది, ఈ సరుకు అమ్మి వడ్డెవాళ్ళతో బండ పగలగొట్టించాలని ఆమె ఆశ. బయలుదేరే ముందు తమ్ముణ్ణి అడిగింది.

"ఇప్పుడమ్మేదా, పెట్టుకునేదా నాయనా?"

"పోయొచ్చి చెప్తానక్కా. తొందరపడొద్దు."

మద్రాసులో దిగిన గంటన్నరకు అతనికి మాట చిక్కింది. రెండు ఓడలు వస్తున్నాయి, నూనెకు శనక్కాయ ఎంతున్నా తీసుకుంటారు. మణుగుకు రూపాయి పైన లేస్తుంది. పరుగున వెళ్ళి తంతి కొట్టాడు. అక్క మాట గుర్తుకు రాకపోలేదు. ఎల్లుండి తను చేరతాడు, అప్పుడు చెబితే సరిపోతుంది అనుకున్నాడు.

మూడో రోజు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు దిగి మండీలోకి అడుగుపెట్టేసరికి లోపల కప్పు దాకా బస్తాలు. వరుసల మధ్య నడుస్తూ అలవాటుగా ఒక మూతి విప్పి గుప్పెడు తీశాడు. కాయకు అంటిన ఎర్రమట్టిని గోటితో గీకి చూశాడు. ఆ నేలా ఆ కాయా అతనికి తెలియనివి కావు.

"ఇవి ఎవరివి?"

"మీ అక్కవే," అన్నాడు షావుకారు గద్దె మీంచి. "బండి కట్టుకోని తానే వచ్చింది. మంచి సరుకు."

"ఏం ధరకు తీసుకుంటిరి స్వామీ?"

"ఆ పొద్దు ధరకు. ఇంకే ధరకు తీసుకోవాల?"

నరసప్ప కోటు కూడా విప్పకుండా అరసికెరెకు నడిచాడు. లక్ష్మక్క వాకిట్లో కాయలు ఒలుస్తోంది. అతన్ని చూసి మొహం విప్పార్చుకుంది.

"వచ్చినావా! షావుకారింట్లో ఎవరికప్పా పెండ్లి?"

"పెండ్లని ఎవురు చెప్పిరక్కా?" అన్నాడు.

"నేను మండీలో ఉండంగానే తంతి వచ్చె. ధర కుదిరితే దించుదాం, ల్యాకుంటే తోలుకోని వస్తామని బండిలో వేసుకోని పోయింటి. షావుకారు చదువుకోని, పెండ్లి కుదిరిందంట అని నవ్వె. శుభమప్పా అంటి. శుభకార్యం ఉండాది, ఇయ్యాల బేరం చెయ్యను, నువ్వు నరసప్ప అక్కవు, ఈ ధరకు దించి పో అన్యాడు. మంచి గడియ గదా అని దించేస్తి. ఎవరికి పెండ్లి? వాళ్ళ చిన్నకూతురికా?"

"పెండ్లి ల్యాదక్కా."

"మరి తంతి?"

చెప్పాడు. గుర్తుమాట అంటే ఏమిటో, ఎవరు పెట్టారో, ఎవరు కొట్టారో అంతా చెప్పాడు. లక్ష్మక్క ఒలవడం ఆపలేదు. అతను చెప్పడం అయిపోయాక చాటలో పొట్టు చెరిగి, లేచి, లోపలికి పోయింది. లోపలినుంచే అంది.

"అన్నం ఉండాది. తినేసి పో."

మర్నాడు షావుకారును అడిగాడు. అడగడం కాదు, బతిమాలాడు. కేశవమూర్తి కోపగించుకోలేదు.

"నేను బలవంతం చేస్తినా? ఆమె అమ్మింది, నేను కొంటి. నువ్వు తెచ్చిన మాటకు విలువ ఏందనుకుంటివి? వాళ్ళకు తెలీకపోవడమే. అందరికీ తెలిస్తే నిన్ను గాలిలో పంపేదెందుకు, ఎద్దులబండిలో పంపనా?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తన నేర్పంతా ఎందుకు పనికొచ్చిందో నరసప్పకు అప్పుడు తెలిసింది.

మూడు వారాలకు మళ్ళీ ప్రయాణం. మళ్ళీ ధర లేచే మాటే దొరికింది. ఈసారి తంతి కొట్టలేదు. బెంగళూరులో దిగి, రైలెక్కి, హిందూపురంలో బస్సెక్కి, మండీ మొహం చూడకుండా నేరుగా అరసికెరె చేరాడు. ఇంకా సరుకు అమ్మని రైతులు పదిహేనిరవై మంది ఉన్నారు. కళ్ళం దగ్గర వాళ్ళను పోగుచేశాడు.

"పది రోజులు ఆగండి. రూపాయి పైన లేస్తాది. మండీకి తోలొద్దండి."

కదిరయ్య అనే పెద్ద రైతు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎవురు చెప్పమన్యారు?"

"ఎవురూ చెప్పలేదు. నేనే చెప్తాండా."

"తోడబుట్టిన దానికి చెప్పనోడివి మాకు చెప్తావా?"

"అందుకే చెప్తాండా కదిరయ్యన్నా..."

"తెలిసిందిలే. మమ్మల్ని ఆగమంటావు. ధర పడినంక ఆ షావుకారే వచ్చి కారుచౌకగా ఊడ్చుకోని పోతాడు. మండీ మనిషి ఉండమన్యాడంటే అమ్మేసేదే మేలు."

ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున అరసికెరె నుంచి పావగడకు బండ్ల వరుస కట్టింది. నరసప్ప ఒక బండి కాడి పట్టుకుని వేడుకున్నాడు. తోలేవాడు చర్నాకోలతో అతని చేతిని పక్కకు తోశాడు.

తంతి అందకపోయినా, ఒక్క రోజులో అంత సరుకు వాకిట్లోకి వచ్చిపడడంతో షావుకారు సంగతి కూపీ లాగాడు. నరసప్ప మండీకి వెళ్ళేసరికి ఆయన నవ్వుతున్నాడు.

"నువ్వు తంతి కొట్టకుంటేనే ఎక్కువ మేలైందప్పా. నీ మాట వినే వచ్చినారు అందరూ."

పక్కన పెద్దల్లుడు సదానంద కూర్చుని ఉన్నాడు. బెంగళూరులో చదివినవాడు, కొత్తగా వ్యాపారంలోకి దిగాడు. ఇకమీదట విమానంలో అతనే పోతాడని షావుకారు చెప్పాడు. కోటూ, మచ్చుమూటలూ అక్కడ పెట్టి పొమ్మన్నాడు. నరసప్ప కోటు విప్పాడు. సదానంద లోపలి జేబులు తిరగేసి చూసి మెచ్చుకున్నాడు.

"చెవులకు ఏదో చేస్తావంట. ఏంది అది?"

నరసప్ప చెప్పాడు. బెల్లం సంగతీ, పెన్సిలు సంగతీ, తలుపు దగ్గరి కుర్చీ సంగతీ. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాడు. అంత చక్కగా కుదుర్చుకున్న పనిని తప్పుగా చెప్పడం అతనికి చేతకాలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు దీనికే తనను తాను తిట్టుకున్నాడు.

హిందూపురంలో రెండు మండీలు తిరిగాడు. షావుకారు మాట బయటపెట్టినవాణ్ణి ఎవరూ పెట్టుకోలేదు. అరసికెరెకు వచ్చి అక్క పొలంలో పనికి దిగాడు. లక్ష్మక్క రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. వేళకు అన్నం పెట్టేది. పంటను గురించి మాత్రం ఏదీ అతన్ని అడిగేది కాదు. విత్తే రోజు కూడా పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకునేది.

ఆ ఏడు చివర్లో, కొత్త పంట ఎండుతుండగా, కదిరయ్య గట్టు మీద ఆగాడు. పాత మాటలు మరిచినట్టే పలకరించాడు.

"నరసప్పా, ధర ఎట్లుంటాదంటావు?"

"నాకు తెలీదన్నా."

"తెలీకేం. చెప్పు."

"నిజంగా తెలీదు. నీకు తెలిసినప్పుడే నాకూ తెలిసేది."

కదిరయ్య తల పంకించి, పక్కన ఉన్న కొడుకుతో అన్నాడు.

"చెప్పడు. ఇంకా ఆ మండీ మనిషే."

ఇద్దరూ గట్టు దిగి వెళ్ళిపోయారు.