సీసా అడుగున తెల్లటి పొర

మొన్న బేస్తవారం పొద్దున వాకిట్ల కూసుండి చిక్కుడుకాయ తుంచుతుంటే పక్కింటి కోడలు కొంగు చాటున ఏదో పట్టుకొని వచ్చింది. ఏందా అని చూస్తే వాళ్ల మామ ఆక్సిజన్ మిషన్‌కు తగిలించే నీళ్ల సీసా. బండల ఫ్యాక్టరీల ఊపిరి పోగొట్టుకున్న మనిషి ఆయన, రెండు నెలల నుంచి ముక్కుకు పైపు పెట్టుకొని మంచం మీదనే ఉంటున్నడు. ఆ పిల్ల సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పొరను చూపించి, "టీచరమ్మా, చూడు, మా మామ రొమ్ముల దుమ్ము ఎంత దిగిందో" అన్నది. ఆ ముఖంల సంబురం నాకు బాగా ఎరుకున్నదే. ఎందుకంటే ఏడేండ్ల కింద ఇట్లాంటి సీసానే, ఇదే పొరను, ఇంతకంటే ఎక్కువ సంబురంతోని ఇంకొకరికి చూపించినదాన్ని నేను.

మా తల్లిగారిది పెద్దేముల్ దిక్కు. పెండ్లయి తాండూరుకు వచ్చేనాటికే మా ఆయన బండల ఫ్యాక్టరీల కోత మిషన్ మీద పని చేస్తుండె. అప్పట్ల నీళ్లు పెట్టకుండ పొడిగనే కోసేటోళ్లు. మాపటికి ఇంటికొస్తే కనురెప్పల నుంచి కాళ్ల దాక తెల్లగ ఉండేటోడు, పిండిగిర్నిల పడి లేచినవా అని నేను ఎగతాళి చేస్తే నవ్వుకుంట పోయి బకెట్ ముందల కూసునేటోడు. దుమ్మంటే బట్టలకు పట్టేదే అనుకున్నం గని, ఊపిరితోని లోపలికి పోయి కూసుంటదని మాకెవరు చెప్పిండ్రు. నడిమి వయసుల పాలిష్ పనికి మారిండు. బండ అంటే ఎంత పిచ్చి అంటే, ఎవరింట్ల దావతైనా విస్తరి దిక్కు చూడడు, కింద పరిచిన బండ దిక్కు చూసి వేలితోని రుద్ది, ఇది ఫలానా గని రాయి అని చెప్తేనే ఆయనకు అన్నం దిగేది. పక్కన కూసున్నోళ్లు నవ్వుకునేది, నాకు సిగ్గయ్యేది.

నేనేమో ముప్పై ఏండ్లు అంగన్‌వాడీ టీచర్‌ను. గల్లీల ఉన్న పిల్లలందరి చేతులు సబ్బు పెట్టి కడిగించినదాన్ని, నీళ్లు కాచి చల్లార్చి తాగుండ్రమ్మా అని తల్లులకు చెప్పి చెప్పి నాలుక అరిగినదాన్ని. దీపం కిందనే చీకటి అంటరు, అది నా గురించే పుట్టిన మాటేమో.

దగ్గు మొదలై, నాలుగడుగులకే ఆయాసం వచ్చి, చివరికి డాక్టర్ రాసిస్తే మిషన్ ఇంటికొచ్చింది. దాన్ని బిగించినాయన సీసా చూపించి, కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యమన్నడు, రోజూ పారబోసి కడగమన్నడు. కొన్నాళ్లు అట్లనే చేసిన. ఒక వారం సెంటర్ల పని ఒత్తిడి ఎక్కువై, బోరు నీళ్లే పోసి, తగ్గినప్పుడల్లా పైనుంచి ఇన్ని కలుపుకుంట పోయిన. ఐతారం నాడు మూత తీస్తే అడుగున తెల్లటి పొర. ఆ సీసాల గుడగుడమని బుడగలు వస్తుంటే అది ఆయన ఊపిరే అనుకునేదాన్ని. ఇగ చూడు నా తెలివి, ఇన్నేండ్లు లోపలికి పోయిన బండ దుమ్మును మిషన్ మెల్లమెల్లగ బయటికి గుంజుతున్నదని నాకు నేనే తీర్మానం చేసుకున్న.

ఆనాటి నుంచి సీసాను కావాలనే కడగలే. రోజూ కడిగితే ఎంత దిగిందో ఎట్ల తెలుస్తది? వారమంతా ఆగి, ఐతారం పొద్దున గోరుతోని గీకి, గడప ముందటి నీలి బండ మీద ఆ తెల్లటి పొడిని కుప్ప చేసి, ఆయనను మెల్లగ పట్టుకొచ్చి చూపించేదాన్ని. పోయిన వారం కంటే ఎక్కువున్నదని నేనంటే, ఆయన వంగి, చిటికెడు తీసి రెండు వేళ్ల నడుమ రుద్దేటోడు. తర్వాత నా దిక్కు జరసేపు చూసి, మంచిగనే దిగుతున్నదే అనేటోడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేటోడు, నేను కూడ తినేదాన్ని. దసరా నాటికి రొమ్ము సాఫైపోతదని నేను లెక్కలేసుకున్న. సీసా గోడలకు జిగట పట్టింది, వాసన గూడ వచ్చింది. అది గూడ లోపలి చెడే, పోనియ్యి అనుకున్న.

దసరా రాకముందే జ్వరం వచ్చింది. వికారాబాద్ ఆసుపత్రికి తీసుకపోయినం. డాక్టరుకు చూపిద్దామని సీసాను సంచిల పెట్టుకొని పోయిన, ఎంత గొప్పగ పోయిన్నో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. నర్సమ్మ మూత తీసి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకున్నది. కోపం చెయ్యలే, ఆ పిల్లకు పుణ్యముంటది. ఇది రొమ్ముల దుమ్ము కాదమ్మా, ఈ నీళ్లల్లకెల్లి గాలి లోపలికి పోతది గని లోపలిది బయటికి రాదు, ఇది నీళ్లల్ల ఉన్న సున్నం, మీ ఇంట్ల నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున చూడు అన్నది. బట్టలకని ఇంటికొచ్చి ఆ గిన్నె బోర్లించి చూసిన. అదే తెలుపు. ముప్పై ఏండ్లు చింతపండు పెట్టి తోముతున్న తెలుపు. అక్కడనే కూలబడి ఏడ్చిన.

ఆ సీసా వల్లనే జ్వరం వచ్చిందని ఏ డాక్టరూ అనలే. కాదని గూడ అనలే.

పన్నెండు రోజులకు ఇంటికి తెచ్చుకున్న, సగం మనిషే వచ్చిండు. ఇగ నేను రోజూ సీసా, మూత సబ్బు నీళ్లతోని కడిగి, సిర్కా, అదే వెనిగర్, కలిపిన నీళ్లల్ల నానబెట్టి, మళ్ల కాచిన నీళ్లతోని జాడించి, గల్లీ దుమ్ము పడకుండ తలుపేసి ఇంట్లనే శుభ్రమైన బట్ట మీద ఆరబెట్టేదాన్ని. సీసా అద్దమోలె ఉండేది. నాకేమో ఒకటే ఫికర్, ఐతారం వస్తే దుమ్ము ఏదని అడుగుతడు, ఏం చెప్పాలె? అంతా దిగిపోయింది, రొమ్ము సాఫైందని అబద్ధం తయారు పెట్టుకున్న. ఐతారం వచ్చింది, ఆయన అడగలే. ఇంకో ఐతారం గూడ అడగలే. మూడో ఐతారం నేనే ఉండబట్టలేక, సీసా దిక్కు చూస్తలేవేంది అని అడిగిన.

ఆయనకు ఒక్క మాట చెప్పాలంటే మూడు సార్లు ఊపిరి తీసుకోవాలె. పాలిష్ చేసిన బండ మీద నీళ్లు ఆరితే ఆ తెలుపే మిగులుతదంట, దాన్ని తుడవకపోతే బండ కొననే కొనరంట, ఇరవై ఏండ్లు అది తుడిచిన చేతులు ఇవి అని వేళ్లు చూపించిండు. మొదటి ఐతారమే ఎర్కైందన్నడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఐతారం ఐతారం నువ్వు నవ్వుతుంటివి గదనే" అన్నడు.

నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. చెప్పి ఉంటే ఆనాడే కడుగుదును గద. నా నవ్వు ఏం చేసుకుంటవయ్యా, నీ పానం కంటే ఎక్కువనా? ఆ రోజంతా ఆయనతోని మాట్లాడకుండనే అన్నం పెట్టిన. ఉన్న కొద్ది దినాలల్ల ఒక దినం అట్ల పోగొట్టుకున్న. కంది కోతల నాటికి ఆయన లేడు.

ఇప్పుడు మా గల్లీల చానా మారింది. నీళ్లు పెట్టి కోసే మిషన్లు వచ్చినయి, కొందరన్నా మూతికి గుడ్డ కట్టుకుంటున్నరు, తెల్లగై ఇంటికొచ్చే మగోళ్లు కండ్లవడుతలేరు. నా సెంటర్ల చేతులు కడుక్కున్న పిల్లలే ఇయ్యాల ఫ్యాక్టరీలు నడుపుతున్నరు. ఆనాటి దుమ్ము మాత్రం ఆనాటోళ్ల రొమ్ములల్ల అట్లనే ఉన్నది, ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క మిషన్ గుడగుడమంటనే ఉన్నది. నీలి బండ నా గడప ముందట అట్లనే ఉన్నది. ఐతారం పొద్దున దాని మీద కూసుంటే ఏమీ తోచదు.

పక్కింటి కోడలును ఆ బండ మీదనే కూసోబెట్టి, మా ఇంట్ల గిన్నె తెచ్చి బోర్లించి, రెండు తెలుపులు పక్కపక్కన చూపించి ఉన్నదున్నట్టు చెప్పిన. వింటుంటే ఆ పిల్ల ముఖం మెల్లగ నల్లబడ్డది, కండ్లల్ల ఉన్న వెలుగంతా పోయింది. తర్వాత ఇద్దరం కలిసి సీసా కడిగినం. నా ముఖం గూడ గట్ల నల్లబడొద్దనే మా ఆయన తన ఊపిరి ఇచ్చుకున్నడు.